ఏకపాత్ర పెన్షనుకి ఆఖరి ఫారం

మా ఫార్మింగ్టన్ హిల్స్‌ని నడిమధ్యలో అడ్డంగా కోసుకుంటూ పోయే ఐ-696 ఫ్రీవేకి వాల్టర్ రూథర్ ఫ్రీవే అని ఇంకో పేరుంది. బోర్డుల మీద ఉంటుంది, చదివే తీరిక ఎవరికుంది? నోవై నుంచి సౌత్‌ఫీల్డ్ దాకా, ట్రాయ్ దాకా రోజూ ఆ రోడ్డు మీద పాక్కుంటూ పోయే మన కన్సల్టెంట్లలో చాలామందికి ఆ రూథర్ ఎవరో తెలీదు. తెలియకపోయినా బతుకు వెళ్ళిపోతుంది లెండి. కానీ సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకుని, అందులో తనకోసం ఒక సోలో 401-కె తెరుచుకుని, కొన్నేళ్ళయ్యాక దాన్ని మూసేసే ప్రతి కన్సల్టెంటూ చివర్లో పంపాల్సిన ఫారం ఒకటుంది. పేరు 5500-ఈజీ. ఆ ఫారం వంశవృక్షం తవ్వుకుంటూ పోతే వేళ్ళు ఈ రూథర్ గారి దగ్గర తేలతాయి.

ఈ మధ్య నన్ను ముగ్గురు నలుగురు ఒకటే ప్రశ్న అడిగారు. "ప్లానులో ఎప్పుడూ రెండున్నర లక్షల డాలర్లు దాటలేదు. కాబట్టి ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఫారం వెయ్యక్కర్లేకపోయింది. ఇప్పుడు ఖాళీ చేసి మూసేస్తుంటే మాత్రం ఎందుకు వెయ్యాలి?" అని. వెయ్యాలి అన్నది చిన్న సమాధానం. ఎందుకు అన్నదానికి మాత్రం డెబ్భై అయిదేళ్ళ కథ చెప్పుకోవాలి. ముందే చెప్పేస్తున్నాను, నేను సి.పి.ఎ.ని కాను, వకీలునీ కాను. కోడు రాసుకు బతికేవాణ్ణి. చట్టాలు కూడా పాత కోడు లాంటివే. ఎందుకున్నాయో తెలియని లైన్లు కనబడితే, వాటిని ఎవరు ఎప్పుడు ఏ గొడవ తర్వాత చేర్చారో చూడటం నాకు అలవాటు.

కథ డిట్రాయిట్‌లో మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, 1946లో రూథర్ యునైటెడ్ ఆటో వర్కర్స్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1949లో ఫోర్డ్ కంపెనీతో ఒప్పందం కుదిర్చాడు. ముప్ఫయ్యేళ్ళు పనిచేసి 65 ఏళ్ళకి రిటైరైన కార్మికుడికి, సోషల్ సెక్యూరిటీతో కలిపి నెలకి 100 డాలర్ల పెన్షను. మరుసటి ఏడాది క్రైస్లర్ దగ్గరికొచ్చేసరికి పేచీ పడింది. నెలకి 100 డాలర్లు ఇస్తాం అనడానికి క్రైస్లర్‌కి పెద్దగా అభ్యంతరం లేదు. ఆ డబ్బు ముందుగానే ఒక నిధిలో పక్కన పెట్టమంటేనే ఒప్పుకోలేదు. మా మాట మీద నమ్మకం లేదా అన్న ధోరణి. 1950లో ఆ ఒక్క ముక్క మీద మూడు నెలలకు పైగా సమ్మె జరిగింది. చివరికి కంపెనీ దిగొచ్చింది. మాట వేరు, పక్కన పెట్టిన సొమ్ము వేరు అన్న తేడా కోసం అంతమంది మూడు నెలల జీతం వదులుకున్నారంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

అయితే నిధి ఉన్నంత మాత్రాన సరిపోదని చెప్పింది స్టూడ్‌బేకర్. ఇది మనకి పక్క రాష్ట్రం, ఇండియానాలో సౌత్ బెండ్. ఆ కంపెనీ కూడా 1950లోనే పెన్షను ప్లాను పెట్టింది. పాత సర్వీసుకి కూడా లెక్కకట్టి ఇస్తామంది, దానికి కావలసిన సొమ్ము మాత్రం ముప్ఫయ్యేళ్ళలో మెల్లగా నింపుకుంటూ పోతామంది. మధ్యలో జీతాలు పెంచలేనప్పుడల్లా పెన్షను పెంచారు, ఎందుకంటే అది అప్పటికప్పుడు జేబులోంచి తీయక్కర్లేదు కదా. 1963 డిసెంబరులో సౌత్ బెండ్ ఫ్యాక్టరీ మూతపడింది. 1964లో ప్లాను మూసి డబ్బు పంచారు. ప్లానులో ఉన్నవాళ్ళు సుమారు 10,500 మంది. అప్పటికే రిటైరైనవాళ్ళకీ, 60 దాటినవాళ్ళకీ, అంటే దాదాపు 3,600 మందికి రావలసిందంతా వచ్చింది. 40కీ 60కీ మధ్యనున్న సుమారు 4,000 మందికి రూపాయికి పదిహేను పైసల లెక్కన వచ్చింది, సగటున మనిషికి ఓ 600 డాలర్లు. మిగతా 2,900 మందికి చిల్లిగవ్వ రాలేదు.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఏంటంటే, ఇక్కడ ఎవరూ దొంగతనం చెయ్యలేదు. కంపెనీ ప్లాను కాగితాల్లో రాసుకున్న వరస ప్రకారమే పంచింది. సంఘం సంతకం కూడా ఉంది ఆ కాగితాల మీద. ప్లాను నడిచినంత కాలం అన్నీ సవ్యంగానే కనబడ్డాయి, లోపల ఎంత బోలుగా ఉందో మూసిన రోజునే తెలిసింది. పెన్షను ప్లాను అనే ప్రాణి సంగతి అంతే, అది బతికున్నప్పటి సంగతులకంటే చచ్చిపోయిన రోజు లెక్కలే దాని నిజం చెబుతాయి. అమెరికా పెన్షను చట్టాల్లో ముగింపు మీద అంత శ్రద్ధ ఎందుకుందో ఇక్కడినుంచే అర్థం చేసుకోవాలని నా అభిప్రాయం.

ప్లాన్ల లెక్కలు ప్రభుత్వానికి చూపించాలన్న ఆలోచన అప్పటికే ఉంది. ఐసెన్‌హోవర్ కాలంలో, 1958లో, ఒక బహిర్గత చట్టం వచ్చింది. పాతికమందికి పైగా ఉన్న ప్లాన్లు ఏటా కార్మిక శాఖకి లెక్క పంపాలి. కానీ ఆ చట్టానికి కోరల్లేవు. లెక్క చూపిస్తే చాలు, లెక్క బాగుండాలని ఎక్కడా లేదు. స్టూడ్‌బేకర్ తర్వాత పదేళ్ళు వాదోపవాదాలు నడిచాయి. న్యూయార్క్ సెనేటర్ జేకబ్ జావిట్స్ పట్టుబట్టి కూర్చున్నాడు. చివరికి 1974 సెప్టెంబరు 2న, లేబర్ డే నాడు, ఎరిసా చట్టం మీద సంతకం పడింది. సంతకం పెట్టిన జెరాల్డ్ ఫోర్డ్ మన మిషిగన్ వాడే, గ్రాండ్ రాపిడ్స్ నుంచి పాతికేళ్ళు కాంగ్రెసులో ఉన్నవాడు. అప్పటికి గద్దెనెక్కి నెల కూడా కాలేదు. 5500 అనే ఫారం ఈ చట్టంతోనే పుట్టింది, 1975 లెక్కల నుంచి.

ఇదంతా ఫ్యాక్టరీ కార్మికుల కథ. ఒక్కడే ఉన్న కంపెనీకి దీంతో ఏం పని? ఇక్కడ ఇంకో పాయ వచ్చి కలుస్తుంది.

బ్రూక్లిన్ నుంచి యూజీన్ కియో అనే కాంగ్రెస్ సభ్యుడు ఉండేవాడు. పెద్ద కంపెనీ ఉద్యోగికి పన్ను మినహాయింపుతో పెన్షను ఉంది, సొంత ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరుకీ ప్లీడరుకీ దుకాణదారుకీ ఎందుకుండకూడదు అని 1951లో బిల్లు పెట్టాడు. అది నెగ్గడానికి పదకొండేళ్ళు పట్టింది! 1962 అక్టోబరు 10న కెనెడీ సంతకం పెట్టాడు. అదీ పిసినారిగానే ఇచ్చారు. ఆదాయంలో 10 శాతం, 2,500 డాలర్లు మించకుండా దాచుకోవచ్చు, అందులో సగానికే పన్ను మినహాయింపు. సొంతంగా బతికేవాడు తనకి తానే యజమాని, తనకి తానే ఉద్యోగి అయితే వాడు ఎన్ని ఎత్తులు వేస్తాడో అని ఖజానా శాఖకి భయం. ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదనుకోండి.

మన కాలేజీ వార్షికోత్సవాల్లో ఏకపాత్రాభినయం ఉండేది గుర్తుందా? ఒక్కడే దుర్యోధనుడై మీసం మెలేసి, అప్పటికప్పుడే అటు తిరిగి ఇంకెవరితోనో మాట్లాడినట్టు నటిస్తాడు. సోలో ప్లాను అచ్చం అలాంటిదే. యజమానివి నువ్వే, ఉద్యోగివి నువ్వే, డబ్బుకి ట్రస్టీవి నువ్వే, ప్లాను నిర్వాహకుడివీ నువ్వే. ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇది చప్పున ఎక్కదు. మన పి.ఎఫ్. అయితే పి.ఎఫ్. ఆఫీసు చూసుకుంటుంది, పి.పి.ఎఫ్. అయితే బ్యాంకో పోస్టాఫీసో చూసుకుంటుంది. మనం పాసుబుక్కు పట్టుకెళ్ళే ఖాతాదారులం మాత్రమే. ఇక్కడ బ్రోకరేజీ అనేది డబ్బు దాచే పెట్టె మాత్రమే. ప్లాను అనేది వేరు, అది కాగితాల మీద పుట్టిన ఒక వ్యక్తి. దానికి పేరుంటుంది, నంబరుంటుంది, పుట్టిన తేదీ ఉంటుంది. దాని తరఫున జవాబు చెప్పాల్సింది నువ్వే.

ఎరిసా వచ్చాక ఈ ఏకపాత్ర ప్లాన్లని ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. ఆ చట్టంలో ముఖ్యంగా రెండు ముక్కలున్నాయి. ఒకటి కార్మిక శాఖ చూసేది, యజమాని నుంచి ఉద్యోగిని కాపాడటానికి. రెండోది పన్నుల శాఖ, అంటే ఐ.ఆర్.ఎస్. చూసేది, పన్ను వాయిదా పొందిన సొమ్ము మీద కన్నేసి ఉంచడానికి. 1975లో కార్మిక శాఖ ఒక నియమం రాసింది. వ్యాపారం మొత్తం తనదే, లేదా తనదీ భార్యదీ అయితే, వాళ్ళని "ఉద్యోగులు"గా లెక్కించం. ఉద్యోగే లేనప్పుడు కాపాడటానికి ఎవరున్నారు? అలా మొదటి ముక్క ఊడిపోయింది. రెండోది మాత్రం అలాగే ఉండిపోయింది. నిన్ను నీనుంచి కాపాడక్కర్లేదు, కానీ నువ్వు ఎగ్గొట్టకుండా చూసుకోవాలి అన్నమాట. 5500 అనే బండెడు ఫారంకి బదులు ఇలాంటి ప్లాన్లకి 5500-ఈజీ అనే చిన్న ఫారం వచ్చింది. అందులోనూ చిన్న ప్లాన్లకి అక్కర్లేదన్నారు. చాలాకాలం ఆ హద్దు 100,000 డాలర్లు. 2006 నాటి పెన్షన్ ప్రొటెక్షన్ యాక్ట్‌తో, 2007లో మొదలయ్యే ప్లాను సంవత్సరాల నుంచి 250,000 అయింది. ఒకే యజమానికి ఇలాంటివి రెండు మూడుంటే అన్నీ కలిపి లెక్క.

మన జనం ఇందులోకి ఎలా వచ్చారో కూడా చెప్పుకోవాలి. 1985లో రాజ్ వట్టికూటి మొదలుపెట్టిన కంప్లీట్ బిజినెస్ సొల్యూషన్స్ ప్రధాన కార్యాలయం మా ఊళ్ళోనే, ట్వెల్వ్ మైల్ రోడ్డు మీద ఉండేది. 1997లో షేర్ మార్కెట్‌కెక్కి, 2001లో కొవాన్సిస్‌గా పేరు మార్చుకుని, 2007లో కంప్యూటర్ సైన్సెస్ కార్పొరేషన్ చేతికి వెళ్ళింది. వై-టు-కె రోజుల్లో ఇలాంటి కంపెనీల మీదుగా డిట్రాయిట్ ప్రాంతంలో దిగిన తెలుగువాళ్ళు ఎందరో. గ్రీన్ కార్డు చేతికొచ్చాక చాలామంది "ఇండిపెండెంట్" అయ్యారు. ఇండిపెండెంట్ అయితే సొంత కంపెనీ ఎందుకు పెట్టుకోవాలి, ఊరికే 1099 మీద పనిచెయ్యచ్చు కదా? దానికీ ఒక చట్టం అడ్డం. 1986 పన్ను సంస్కరణల చట్టంలో సెక్షన్ 1706 అని ఒక ముక్క ఉంది. మధ్యవర్తి కంపెనీల ద్వారా పనిచేసే ఇంజనీర్లూ ప్రోగ్రామర్లూ సిస్టమ్స్ ఎనలిస్టులకి, అంతకుముందు 1978 నుంచి అందరికీ ఉన్న ఒక రక్షణ తీసేసింది. ఆ ముక్క పెట్టించిన సెనేటర్ మొయినిహన్ మరుసటి ఏడే దాన్ని ఎత్తేద్దామని చూశాడు, కుదరలేదు. దాంతో మధ్యవర్తులు వ్యక్తులతో ఒప్పందాలంటే భయపడి, కంపెనీ ఉంటేనే రమ్మన్నారు. మనం "కార్ప్-టు-కార్ప్" అని మంత్రంలా జపించే పద్ధతి వేళ్ళూనుకోవడంలో దీనికి పెద్ద వాటా ఉంది. 2015లో హెచ్-4 వాళ్ళకి పని అనుమతి వచ్చాక, ఇళ్ళల్లో ఆడవాళ్ళ పేర్ల మీద కూడా చిన్న చిన్న ఎల్.ఎల్.సి.లు వెలిశాయి.

కంపెనీ ఉన్నా 2001 దాకా సోలో 401-కెకి పెద్ద గిరాకీ లేదు. అంతకుముందు లాభాల వాటా ప్లానులో జీతంలో 15 శాతానికే మినహాయింపు, నువ్వు జీతంలోంచి దాచుకున్నదీ అందులోనే కలిసిపోయేది. అంటే 50,000 జీతం తీసుకుంటే 7,500. 2001 జూన్‌లో బుష్ సంతకం పెట్టిన పన్ను చట్టం 2002 నుంచి లెక్క మార్చేసింది. ఉద్యోగిగా దాచుకునే 11,000 విడి, కంపెనీ వాటా 25 శాతం విడి. అదే 50,000 జీతం మీద 11,000కి 12,500 కలిపి 23,500! బ్రోకరేజీలు ఎగబడి ఉచితంగా ప్లాన్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. పది నిమిషాల్లో తెరవచ్చు. ఎలా మూయాలో మాత్రం ఆ పది నిమిషాల్లో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అసలు విషయం. 250,000 మినహాయింపు ఒక్కో సంవత్సరానికి సంబంధించింది. ఆ సంవత్సరం చివరి రోజున అంతకు మించి లేకపోతే ఆ ఏటికి ఫారం అక్కర్లేదు. కానీ ఆఖరి సంవత్సరానికి, ప్లాను ఎంత చిన్నదైనా సరే, "ఇది చివరి రిటర్ను" అన్న గడిలో టిక్కు పెట్టి పంపాలని 5500-ఈజీ సూచనల్లోనే ఉంది. తమాషా ఏంటంటే ఆ ఆఖరి రోజున ప్లానులో ఉండేది సున్నా. రెండున్నర లక్షలకి సున్నా ఎంత దూరమో చూడండి! కానీ ఐ.ఆర్.ఎస్. కి కావలసింది ఆ సున్నాయే. ఇన్నేళ్ళు పన్ను వాయిదా వేయించుకున్న సొమ్ము ప్లానులోంచి బయటికి పోయింది. ఎక్కడికి పోయింది? ఐ.ఆర్.ఎ. లోకో ఇంకో ప్లానులోకో నేరుగా వెళ్ళిందా, మనిషి చేతికి వెళ్ళిందా? ఆ సంగతి 1099-ఆర్ చెబుతుంది, ఇక ఏమీ మిగల్లేదని 5500-ఈజీ చెబుతుంది.

యూనిక్స్ తెలిసినవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పచ్చు: జాంబీ ప్రాసెస్. పిల్ల ప్రాసెస్ పని ముగించుకుని పోయింది, మెమరీ కూడా వదిలేసింది. కానీ తల్లి ప్రాసెస్ దాని ఎగ్జిట్ స్టేటస్ చదివేదాకా టేబుల్లో దాని పేరు అలా వేలాడుతూనే ఉంటుంది. (తెలియనివాళ్ళు వదిలేయండి, నష్టమేం లేదు.)

ఇక్కడ ఒక అన్న సంగతి చెప్పాలి. వరంగల్ మనిషి, నోవైలో పదమూడేళ్ళున్నాడు. నాన్నగారికి బాగోలేక 2022లో కుటుంబంతో సహా హనుమకొండ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆగస్టులో సోలో 401-కెలో ఉన్న సొమ్మంతా తన ఐ.ఆర్.ఎ. లోకి మార్చి, కంపెనీ మూసి, కార్లు అమ్మి, అన్నీ చక్కబెట్టుకునే వెళ్ళాడు. ప్లానులో ఉన్నది డెబ్భై వేలు కూడా కాదు. 2024 మేలో ఫోన్లో మాటల మధ్యలో "అన్నా, ఆఖరి 5500-ఈజీ పంపినవా?" అని అడిగాను. "తమ్మీ, దుకాణమే బంద్ చేసినంక ఇంకేం ఫారం? ఎన్నడూ వెయ్యలే గద" అన్నాడు. బ్రోకరేజీ వాళ్ళు చెప్పలేదు, టాక్సులు చేసినాయన అడగలేదు. నిజానికి ఇద్దరికీ చెప్పాల్సిన బాధ్యత లేదు, నిర్వాహకుడు అన్నే కాబట్టి.

లెక్క వేసి చూశాం. ప్లానులోంచి డబ్బంతా ఏ రోజున బయటపడిందో ఆ రోజే ప్లాను సంవత్సరం ముగిసినట్టు. అక్కడినుంచి ఏడో నెల ఆఖరు తేదీ గడువు. అందరూ పొరబడేది ఇక్కడే, మామూలు ఏళ్ళలో గడువు మరుసటి జులై 31 కాబట్టి ఇదీ అంతే అనుకుంటారు. అన్న డబ్బు కదిలింది 2022 ఆగస్టు, కాబట్టి గడువు 2023 మార్చి 31. ఫోన్లో మాట్లాడుకునేనాటికి 410 రోజులు దాటాయి. రోజుకి 250 డాలర్ల జరిమానా. అంటే లక్షా రెండు వేల అయిదు వందలు. ప్లానులో ఉన్నదానికంటే ఎక్కువ!

ఈ 250 ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, చాలా ఏళ్ళపాటు అది రోజుకి 25 డాలర్లే, మొత్తం 15,000 మించకుండా. 2019 డిసెంబరు 20న ట్రంప్ సంతకం పెట్టిన భారీ ఖర్చుల బిల్లులో సెక్యూర్ యాక్ట్ అని ఒకటి కలిసి ఉంది. అందులో ఈ జరిమానాని సరిగ్గా పదింతలు చేశారు. రోజుకి 250, గరిష్ఠం 150,000. 600 రోజుల్లో నిండిపోతుంది. ఆ చట్టంలో రిటైర్మెంటు వాళ్ళకి రకరకాల వెసులుబాట్లు ఇచ్చారు. వాటివల్ల తగ్గే పన్ను ఆదాయాన్ని పూడ్చుకోవడానికి చేర్చిన సెక్షన్లలో ఇదొకటి. వేలమంది ఉద్యోగులున్న కంపెనీకీ, భార్యాభర్తలిద్దరే ఉన్న ఎల్.ఎల్.సి.కీ అదే రేటు. ఆఖరి ఫారం అడగటం సబబేనని నేను ఒప్పుకుంటాను. ఈ జరిమానాని మాత్రం ఎలా సమర్థించాలో నాకు తెలియడం లేదు. పెన్షను దక్కకుండా పోయిన సౌత్ బెండ్ కార్మికుల ఉసురు తగిలి పుట్టిన చట్టం, ఒకడు తనకోసం తాను దాచుకున్నదాన్ని మొత్తంగా ఊడ్చుకుపోగలిగేలా తయారైంది.

అదృష్టం ఏంటంటే ఒక కిటికీ తెరిచే ఉంచారు. ఉద్యోగులున్న ప్లాన్లు ఆలస్యమైతే కార్మిక శాఖ దగ్గర 1995 నుంచీ ఒక క్షమాభిక్ష పథకం ఉంది. ఏకపాత్ర ప్లాన్లు కార్మిక శాఖ పరిధిలోకే రావు కాబట్టి అది వీళ్ళకి వర్తించదు. ఉద్యోగులు కారన్న మినహాయింపే ఇక్కడ ఎదురు తిరిగిందన్నమాట. 2014 జూన్‌లో ఐ.ఆర్.ఎస్. ఏడాదిపాటు ప్రయోగాత్మకంగా, రుసుము లేకుండా ఒక పథకం పెట్టింది. వేల సంఖ్యలో పాత రిటర్నులు వచ్చిపడ్డాయి. అంటే తెలియక ఊరుకున్నవాళ్ళు ఎంతమందో చూడండి. 2015 జూన్ నుంచి దాన్ని శాశ్వతం చేశారు, 2015-32 నంబరు రెవెన్యూ ప్రొసీజర్ కింద. ఆలస్యమైన రిటర్ను ఒక్కోదానికి 500 డాలర్లు, ఒక ప్లానుకి మొత్తం 1,500 మించదు. 14704 అనే కవరు ఫారం జతచేసి, రిటర్ను మీద ఈ పథకం కింద పంపుతున్నట్టు ఎర్ర అక్షరాలతో రాసి, కాగితాల మీదే యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌కి పంపాలి. అన్న 500 డాలర్ల చెక్కుతో పంపాడు, బయటపడ్డాడు.

సకాలంలో మూసేవాళ్ళకి ఇంత తలనొప్పి లేదు. ప్లానుని ఫలానా తేదీన రద్దు చేస్తున్నామని కంపెనీ తరఫున ఒక తీర్మానం రాసి సంతకం పెట్టుకోవాలి (అవును, నీకు నువ్వే). అప్పటిదాకా వచ్చిన చట్ట మార్పులకి ప్లాను కాగితాలు సవరించి ఉండాలి. తర్వాత డబ్బు వీలైనంత త్వరగా, మామూలుగా ఏడాదిలోపు, బయటికి పంపాలి. 1989 నాటి ఒక రూలింగ్ ప్రకారం సాగదీస్తే అసలు రద్దయినట్టే లెక్క కాదు. ఐ.ఆర్.ఎ. కి నేరుగా పంపడం మేలు. చెక్కు నీ చేతికి తీసుకుంటే 20 శాతం పన్ను పట్టుకోవాలని 1993 నుంచి నియమం, పట్టుకోవాల్సిందీ నువ్వే, కట్టాల్సిందీ నువ్వే. 1099-ఆర్ బ్రోకరేజీ ఇస్తుందో, నువ్వే ఇవ్వాలో ముందుగా అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. నేరుగా మారిస్తే అందులో కోడు జి, పన్ను పడే మొత్తం సున్నా. చివరి 5500-ఈజీని 2021 నుంచి ఎలక్ట్రానిక్‌గా కూడా పంపచ్చు. ఉదాహరణకి 2025 మార్చి 14న ఖాతా ఖాళీ అయితే గడువు అక్టోబరు 31. టైము చాలదనుకుంటే ఆ లోపే 5558 ఫారం వేస్తే ఇంకో రెండున్నర నెలలు ఇస్తారు.

ఇండియాకి తిరిగి వెళ్ళినవాళ్ళు ఇంకోటి కూడా చూసుకోవాలి. పైన చెప్పిన 500 డాలర్ల దారి, ఐ.ఆర్.ఎస్. జరిమానా వేస్తూ సి.పి. 283 అనే నోటీసు పంపేదాకే. అది వచ్చాక ఆ పథకం కింద వెళ్ళడానికి లేదు. ఆలస్యానికి తగిన కారణం ఉందని ఉత్తరం రాసి, వాళ్ళు ఒప్పుకోవాలని ఎదురుచూడటమే. ఆ నోటీసు వెళ్ళేది వాళ్ళ దగ్గరున్న పాత అడ్రసుకి, అంటే ఎప్పుడో ఖాళీ చేసిన ఏ ఆర్చర్డ్ లేక్ రోడ్డు అపార్టుమెంటుకో. కంపెనీ అడ్రసు మారితే తెలపడానికి 8822-బి అని విడిగా ఫారం ఉంది, సొంత టాక్స్ రిటర్నులో ఇంటి అడ్రసు మార్చినంత మాత్రాన కంపెనీది మారదు. అన్న విషయంలో ఆ కవరు ఇంకా బయల్దేరలేదు కాబట్టి సరిపోయింది. 8822-బి కూడా అదే వారం హనుమకొండ నుంచే పోస్టు చేశాడు.